మూటలో కనిపించని గడి

గద్వాలలో ఆ చీరల సేటు ఇంటికి వచ్చే ప్రతిదీ ముందు తక్కెడ ఎక్కేది. నేతగాడికి పట్టూ జరీ తూచి ఇచ్చేవాడు. చీర నేసి తెచ్చాక, దాన్నీ మిగిలిన పోగులనూ కలిపి మళ్ళీ తూచేవాడు. రెండు తూకాలూ సరిపోతే చాయ్. సరిపోకపోతే మంచినీళ్ళతో సరి. నేను మొదటిసారి గడప దాటినప్పుడు నన్నూ అదే చూపుతో కిందికీ పైకీ చూశాడు. అప్పట్లో నేను ఏ కొలతలో చూసినా తేలిక మనిషినే.

రెండు వేల ఐదో ఆరో అయి ఉంటుంది. అమీర్‌పేటలో సగం పీహెచ్‌పీ నేర్చుకుని, మిగతా సగాన్ని వనపర్తిలో నెట్ సెంటర్ పెట్టి జనం మీద నేర్చుకుంటున్న రోజులు. పీహెచ్‌పీ అంటే వెబ్ పేజీల వెనక కూర్చుని పని చేసిపెట్టే భాష. దానితో నేను రాసే పేజీలు ఎక్కువసేపు కూర్చునే ఉండేవి, పని చేసేవి తక్కువ. ఆ సంగతి సేటుకు తెలియకముందే ఆయన నుంచి కబురు వచ్చింది. పెబ్బేరు, బీచుపల్లి మీదుగా బస్సులో గద్వాల చేరాను.

ఆయన బాధ నిజమైనదే. తండ్రి గ్రాఫు కాగితాల మీద గడి గడీ నింపి గీసిన చీర అంచులు ఒక ట్రంకు పెట్టె నిండా ఉన్నాయి. వాటికి చెద పట్టింది. అప్పటికే కొన్ని కాగితాల మూలలు పొడి అయిపోయాయి. సేటుకు శుక్లాలు ముదిరి కొత్తగా గీయలేడు. ఆ కాగితాలు పోతే ఆ అంచులూ పోతాయి, వాటిని నమ్ముకున్న మగ్గాలూ ఆగుతాయి. పోనీ ఎవరికైనా ఇచ్చి నకలు తీయిద్దామంటే, ఎదురు వీధి దుకాణం వాడి చేతికి చిక్కుతాయని భయం.

"ఇంట్ల పెడితే చెద తింటది, బయట పెడితే మనిషి తింటడు. నీ డబ్బాల పెడితే ఎవరు తింటరు?" అని అడిగాడు.

"ఎవరూ తినరు సేట్. నెట్‌లో ఒక చోటు ఉంది, అక్కడ భద్రం."

నేత నెట్‌లోకి ఎక్కుతోందని నేను మురిసిపోయాను. ఆయన మాత్రం నెట్ అంటే ఇంగ్లీషులో వల అని ఎవరినో అడిగి తెలుసుకుని, మర్నాడు నన్ను ఇంకాస్త దూరంగా కూర్చోబెట్టాడు.

పని ఇలా సాగేది. వనపర్తి నుంచి మోసుకొచ్చి సేటు ఇంట్లో పెట్టిన నా కంప్యూటర్ తెర మీద నేను గీసిపెట్టిన గళ్ళు ఉంటాయి. సేటు భార్య కాగితం చూసి వరసగా చదువుతుంది: "నిండు, నిండు, ఖాళీ, ఖాళీ, ఖాళీ, నిండు..." నేను నిండు అన్నచోట నొక్కుతాను. మగ్గం మీద అంచు ఎత్తడానికి చిల్లుల అట్టలు కొట్టే మనిషికి కూడా, పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ, ఆమే చదివి వినిపించేదట. గొంతులో ఒక లయ ఉండేది. వింటూ వింటూ నేను కునుకు తీస్తే "నాయనా, నిండు" అని కొంచెం గట్టిగా అనేది. సేటు గుమ్మంలో మోడా వేసుకుని, కాగితాన్నీ నన్నూ తెరనూ వంతులవారీగా కనిపెడుతూ ఉండేవాడు. సాయంత్రం కాగానే కాగితం పెట్టెలోకి, తాళం చెవి మొలతాడులోకి వెళ్ళేవి.

నెట్‌లో నాకు దొరికిన చోటు ఇరుకు. ఫోను లైను మీద పంపితే సగంలో తెగిపోయేది. అందుకని పీహెచ్‌పీలో ఉన్న కుదింపు విద్యను వాడాను. జీజెడ్ కంప్రెస్ అంటే మూట కడుతుంది, జీజెడ్ అన్‌కంప్రెస్ అంటే విప్పుతుంది. అంచు అంటేనే చెప్పిందే చెప్పడం. అదే కొమ్మ, అదే పువ్వు, మళ్ళీ అదే కొమ్మ. ఆ విద్య ఒకసారి విన్నదాన్ని రెండోసారి రాయదు, "ఇందాకటిదే" అని గుర్తు పెట్టుకుని ముందుకు పోతుంది. మా ఇంట్లో నా గురించి మాట్లాడేవాళ్ళకు ఈ విద్య వచ్చి ఉంటే నాకెంతో సమయం కలిసివచ్చేది.

మొదటి అంచును మూట కట్టి, ముందు సైజూ తర్వాత సైజూ పక్కపక్కన సేటుకు చూపించాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

ఆయన మొహం నల్లబడింది. "గిదేంది? పావు వంతు గూడ లేదు. మిగిలింది యాడ వోయింది?"

"ఎక్కడికీ పోలేదు సేట్. లోపలే ఉంది, సర్దుకుని ఉంది."

"చీర మడిస్తె చిన్నగైతది. తూకం తగ్గుతదా? నా ఇంట్ల తూకం తగ్గి వచ్చిందంటె, నడుమ ఎవనిదో చెయ్యి ఉన్నట్టే."

ఆయన అంతకాలం పట్టును కొలిచిన కొలతే ఇక్కడా కొలిచాడు. నా దగ్గర జవాబు ఉంది గానీ ఆయన తక్కెడలో పట్టే జవాబు లేదు. మూట లోపల ఏముందో చూపించమన్నాడు. చూపించాను. తెర నిండా వంకర గీతలు, డబ్బాలు, ప్రశ్నార్థకాలు.

"చూడండి, ఎవడైనా దొంగిలించినా ఇది మీ అంచు అని వాడికి తెలియదు."

"నాకు గూడ తెల్వదు గద!" అన్నాడు.

భార్య చీర కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను మూట విప్పి అంచును తెర మీదికి తెచ్చాను. ఆయన కాసేపు చూసి, "అసలుది నీ తాన దాచినవ్, గదే జూపిస్తున్నవ్" అన్నాడు. ఆ అనుమానం తప్పు అని నేను అనలేకపోయాను. నేనైనా అలాగే అనుకునేవాణ్ణి. చివరికి ఆయన మాట మీదే, ఆయన కళ్ళ ముందే అసలు ఫైలును చెరిపేశాను. ఇక మిగిలింది మూట ఒక్కటే.

"ఇప్పుడు విప్పు."

విప్పాను. ఆయన భూతద్దం తీసి తెరకు ముక్కు ఆనించి వెతకడం మొదలుపెట్టాడు. ఒక వరస దగ్గర ఆగాడు, వెనక్కి వచ్చాడు, మళ్ళీ ఆగాడు.

"లేదు. మింగింది."

అప్పుడు చెప్పాడు తన రహస్యం. ప్రతి అంచు కాగితంలోనూ ఎక్కడో ఒకచోట, ఉండకూడని చోట, ఒక గడి తానే కావాలని నింపి పెట్టాడట. దాని పేరు దొంగ గడి. ఎవడైనా తన అంచు కాజేసి నేస్తే ఆ తప్పు కూడా వాడి చీరలో పడుతుంది, దాంతో పట్టుకోవచ్చు. ఏడాది కిందట ఎదురు వీధి దుకాణంలో తన అంచులాంటిదే కనిపిస్తే, మనిషిని పంపి ఒక చీర కొనిపించి, ఇదే భూతద్దంతో పోగు పోగూ వెతికాడు. దొంగ గడి దొరకలేదు. పాపం వాడిది వాడే గీసుకున్నాడని ఒప్పుకుని ఊరుకున్నాడు.

ఇప్పుడు అదే గడి నా మూటలోనూ లేదు. కాగితం మీద ఉంది, ఆయన వేలు పెట్టి చూపిస్తే నేనే చూశాను. ఆ విద్యలో ఒక్క అక్షరం చెడినా మూట అసలు విప్పుకోదు, లోపం ఉందని మొండికేస్తుంది. చడీచప్పుడు లేకుండా ఒక్క గడి మాయం చేయడం దానివల్ల కాదు. ఆ మాటే చెప్పాను.

"గది నీ కంపెనీ మాట. ఇగ పెట్టె ముట్టుకోకు" అన్నాడు.

ఆ కాగితాలు చెదపాలే అని నాకు అర్థమైంది. నాకు నా వేలి మీదే అనుమానం వచ్చింది. కునుకులో ఒకటి నొక్కకుండా వదిలానా? ఆ ఒక్క వరసను మళ్ళీ నింపిచూద్దామని బతిమాలాను. సేటు కాగితాన్ని భార్య చేతికిచ్చి, భూతద్దం ఆ గడి మీదే పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

ఆమె చదివింది. "నిండు, నిండు, ఖాళీ, ఖాళీ, ఖాళీ, ఖాళీ..."

"ఆగు. ఆడ నిండు ఉన్నది. వదిలినవ్."

"వదలలే" అంది ఆమె, కాగితం మీంచి తల ఎత్తకుండా. "దాన్ని ఎన్నడు చదవలే."

సేటు భూతద్దం అలాగే పట్టుకుని ఉన్నాడు.

"అట్టలు కొట్టేటోనికి గూడ చదవలే. పువ్వు మూతి మీద మచ్చ పెట్టి అమ్ముతమా? కొనేటోళ్ళు నేతగాన్ని తిడ్తరు. మామ గంత మంచి అంచు గీస్తె, ఒక గడి నువ్వే పాడు జేస్తివి."

ఆయన లోపలికి వెళ్ళి, అమ్మకానికి పెట్టిన చీర ఒకటి తెచ్చి నేల మీద పరిచాడు. మోకాళ్ళ మీద వంగి అంచు పొడవునా భూతద్దం జరిపాడు. ఆ ఇంట్లోకి వచ్చిన ప్రతి చీరనూ తూచిన మనిషి, తన గడి కోసం మాత్రం ఎదురు వీధివాడి చీరలోనే వెతికాడు. తన చీరలో వెతకడం అదే మొదలు.

"అంటె... ఎదురు వీధోడు..."

"ఏమో. ఇప్పుడు ఎట్ల జెప్తం?" అంది ఆమె.

నాకు ఆ క్షణంలో నా విద్య నిర్దోషి అని తేలినందుకు సంతోషం కలిగింది. అది మొహం మీద కనబడకుండా కుదించుకోవడానికి చాలా కష్టపడ్డాను.

మర్నాడు రమ్మనో వద్దనో ఆయన ఏమీ అనలేదు. వద్దనలేదు కదా అని వెళ్ళాను. పెట్టె తెరిచి ఉంది. ఆ రోజు నుంచి పద్ధతి మారింది. భూతద్దం పట్టుకుని ఆయనే చదివాడు, నిదానంగా, దొంగ గడితో సహా. నేను నొక్కాను. నేను నొక్కినదాన్ని ఆమె కాగితంతో సరిచూసింది. కంప్యూటర్‌లో నీ గడి పెట్టుకో, చీరలోకి మాత్రం రానివ్వనని ఆమె ఆయనకు ముందే చెప్పేసింది. ఆయన నన్ను నమ్మలేదు, ఆమె ఆయన కళ్ళను నమ్మలేదు, నేను నా వేలిని నమ్మలేదు. పని నత్తనడక నడిచింది గానీ తప్పు ఒక్కటీ పోలేదు. వానలు పట్టే లోపు పెట్టెలోని చివరి కాగితం దాకా అంచులన్నీ మూటల్లోకి చేరాయి.

నెట్ అనే వలలోకి పంపడానికి ఆయన ఒప్పుకోలేదు కనుక, ఆఖరి రోజు ఆ మూటలను రెండు సీడీల మీదికి ఎక్కించి, నా కంప్యూటర్‌లోవి చెరిపేశాను. ఒకటి తన దగ్గర ఉంచుకుని, రెండోది భార్యకు ఇమ్మన్నాడు.

"ఆమెకు తెల్వకుండ దాస్తె ఏం ఫాయిదా? ఇన్నేండ్లు దాసిందే ఆమె" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "నీ తాన?"

"నా దగ్గర ఏమీ లేదు సేట్."

పెన్ డ్రైవ్ అనేది ఒకటి ఉంటుందనీ, అది చూపుడువేలంతే ఉంటుందనీ ఆయనకు అప్పటికే ఎవరో చెప్పారు.

"జర జేబులు జూపియ్యి" అన్నాడు.

చూపించాను.