వలందదిబ్బ దొరసాని

వలందదిబ్బకు ఆ పేరెలా వచ్చిందని ఊళ్లో ముగ్గురిని అడిగితే నాలుగు కథలు చెబుతారు. బట్టల వ్యాపారానికొచ్చిన వలందులు, అంటే హాలెండు దొరలు, బందరు దారిలో ఇక్కడ మకాం పెట్టారని రిటైర్డ్ టీచరు రామకోటేశ్వరరావు గారి వాదన. అదంతా వట్టిది, వలందయ్య అనే తన ముత్తాత పేరే ఊరికొచ్చిందని రొయ్యల చెరువుల జక్కయ్య పంతం. ముప్పై ఏళ్లుగా ఇద్దరూ టీకొట్టు దగ్గర ఈ గొడవే పడుతున్నారు. ఒకరు రాకపోతే రెండోవారికి టీ సహించదు.

అమలమ్మ ఈ వాదనలో ఎన్నడూ తలదూర్చలేదు. ఆమెకు డెబ్బై దాటాయి. ఒంట్లో ఓపికున్నన్నాళ్లు నాట్లు వేసింది, మినుము పీకింది. భర్త సంజీవరావు పోయాక చర్చి ఊడ్చే పనిలో కుదిరింది. ఆ చర్చి ప్రహరీ బయట, తుమ్మచెట్ల మధ్య ఒక పాత రాతి సమాధి ఉంది. నవంబరులో సమాధుల పండక్కి అందరూ తమవాళ్ల సమాధులకు సున్నం వేసుకుంటుంటే, అమలమ్మ ఎవరికీ పట్టని ఆ రాతికి వేస్తుంది. నలభై నాలుగేళ్ల సున్నం పేరుకుని రాతి మీది అక్షరాలు ఏనాడో పూడిపోయాయి.

ఎందుకిదంతా అని మొదట్లో అడిగినవాళ్లకు, ఆ సమాధిలోని దొరసాని కలలోకొచ్చి అడిగిందని చెప్పింది. ఆ ఒక్క మాటకు కాళ్లొచ్చాయి. దొరసాని ఓడెక్కి వచ్చిందన్నారు, బాలింతగా పోయిందన్నారు, కొవ్వొత్తి వెలిగిస్తే కడుపు పండుతుందన్నారు. జక్కయ్య కోడలు కూడా చాటుగా వెలిగించి వెళ్లింది.

ఈ కథలు రాసుకోవడానికి విజయవాడ నుంచి వినీల వచ్చింది. పటమటలో ఉంటుంది, కాలేజీలో చరిత్ర చెబుతుంది. సున్నం కింద అక్షరాలున్నాయని తెలిశాక దరఖాస్తు పెట్టి, రాతిని మ్యూజియానికి తరలించే అనుమతి తెచ్చింది. టీచరు గారు పొంగిపోయారు. తన ముత్తాత పేరే బయటపడుతుందన్న ధీమాతో జక్కయ్యా సరేనన్నాడు. అమలమ్మకు మాత్రం ఆ కబురు విన్న దగ్గర్నుంచీ ముద్ద దిగలేదు.

చుట్టూ తవ్వి రాతిని లేపడానికి పొక్లెయిన్ వచ్చిన పొద్దున, ఆమె వెళ్లి రాతి మీద కూర్చుంది.

"లేవండి మామ్మగారూ. దొరసానిని అక్కడ బాగా చూసుకుంటారు," అంది వినీల.

"దొరసానీ లేదు, కలా లేదమ్మా. ఆ అబద్ధం నేనే ఆడా."

పొక్లెయిన్ డ్రైవరు ఇంజను ఆపాడు. ఊరంతా వింటుండగానే అమలమ్మ చెప్పింది.

"నా తొలిచూలు బిడ్డ పుట్టిన పూటే పోయాడు. జ్ఞానస్నానం కాలేదు గదా, ప్రహరీ లోపల చోటు లేదన్నారు అప్పటి పెద్దలు. మా ఆయన తెచ్చి ఈ రాయి పక్కన పెట్టాడు. పైన గుర్తుగా చిన్న రాయైనా పెట్టనీలేదు. తూర్పుకి మూడడుగులు, అంతే నాకు తెలిసింది. వాడికి వేయాల్సిన సున్నం దీనికి వేసుకుంటన్నా. ఇప్పుడు మీరు తవ్వితే వాడేమైపోవాల?"

వినీల చేతిలోని అనుమతి కాగితాన్ని మడిచేసింది. తను తెచ్చిన అనుమతే ఇంత పని చేయబోయింది. జక్కయ్య ముందుకొచ్చి, బండి వెనక్కి తీయమని డ్రైవరుకు చెయ్యి ఊపాడు. వినీల మ్యూజియం ఆఫీసుకు ఫోను చేసి, రాతిని తరలించడం లేదని చెప్పింది. తరవాత పుస్తకం తెరిచి, నాలుగు పేజీల దొరసాని కథను అడ్డంగా కొట్టేసింది.

"తూర్పున చిన్న రాయి నిలబెట్టిద్దాం మామ్మగారూ. ఎవరూ కాదనరు. బాబు పేరు ఏమని చెక్కించమంటారు?"

అమలమ్మ రాతి మీంచి దిగి, తూర్పుకి మూడడుగులు వేసి ఆగింది. టీచరు గారూ జక్కయ్యా పక్కపక్కనే నిలబడి, ఆమె ఏం చెబుతుందా అని ఎదురుచూశారు.

"పేరు లేదమ్మా," అంది. "పేరు పెట్టేది జ్ఞానస్నానంలోనే గదా."