శ్రీరంగం చెరిపేసిన రాయి

శబరి నది ఒడ్డున ఉన్న కోంటాలో ఫొటో స్టూడియో నడిపే శ్రీరంగం ఎప్పుడు చూసినా ఏదో ఒక అయోమయంలోనే ఉంటాడు. కరెంటు ఉన్నప్పుడు ప్రింటర్ పనిచెయ్యదు, ప్రింటర్ పనిచేసేటప్పుడు గిరాకీ ఉండదు. పెళ్ళి ఫొటోలన్నీ జనం ఫోన్లలోకి పోయాక ఆయనకు మిగిలినవి పాస్‌పోర్టు సైజులే. తాత భద్రాచలం వైపు నుంచి వచ్చి ఇక్కడ ఉప్పు, చింతపండు వ్యాపారం చేశాడు. తండ్రి కిరాణా కొట్టు నడిపాడు. ఈయన మాత్రం కెమెరా మెడలో వేసుకున్నాడు. "ఆ కొట్టే చూసుకుంటే పోయేదిగదా" అని భార్య ప్రవీణ ఇప్పటికీ అంటుంది. ఆమె అన్న ప్రతిసారీ, నిజమేనేమో అని ఈయన ఆలోచనలో పడతాడు. మంచి మనిషే కానీ తన మాట మీద తనకే గురి కుదరదు.

పోయిన చలికాలం ఫోన్లో ఎవరో హిందీలో చెప్పే పాఠాలకు అతుక్కుపోయాడు. మామూలు ఫొటోని చేత్తో గీసిన బొమ్మలా మార్చే విద్య అది. చెప్పేవాడిది మంచు కురిసే ఊరు. వాడు మంచు నీడలకు నీలం వెయ్యమంటే, మనవాడు కోసిన వరి మోళ్ళకు నీలం వేశాడు. పక్క కొట్టు సతీష్ అది చూసి, "ఏంది శ్రీరంగన్నా, కాశ్మీర్ ఎప్పుడు పోయొచ్చినవ్?" అన్నాడు. అది మెచ్చుకోలో వెక్కిరింతో శ్రీరంగానికి ఆ రోజంతా తేలలేదు.

అయినా వదల్లేదు. జనవరిలో ఒక పొద్దున శబరి ఒడ్డున పొలాల మీద మంచు కమ్ముకుని ఉంటే వెళ్ళి ఫొటో తీశాడు. ముందు వరి మోళ్ళు, వెనక ఇప్పచెట్టు, దాని పక్కన నిలువుగా ఒక నల్లరాయి. ఇంటికొచ్చి సాఫ్ట్‌వేర్‌లో పెయింటింగ్ ఫిల్టర్ వేస్తే చెట్టూ పొలమూ అందంగా కరిగాయి గానీ, రాయి మాత్రం వికారమైన మరకలా తయారైంది. చూపుకి అడ్డమొచ్చేవన్నీ తీసెయ్యమని పాఠంలో చెప్పనే చెప్పారు. తీసేశాడు. అక్కడ కాస్త మంచు పులిమాడు. పెద్ద ప్రింటు వేసి, ఫ్రేము కట్టించి దుకాణంలో తగిలిస్తే ప్రవీణ మొదటిసారి "బావుంది" అంది.

కొన్నాళ్ళకు గంగే వచ్చింది, బడి ఫొటో కోసం కూతురు దేవేని వెంటబెట్టుకుని. శబరి దగ్గరి పల్లెలో పొలం చేసుకునే దొర్ల తెగ ఆడమనిషి. లోపలికొస్తూనే గోడ మీది బొమ్మ ముందు నిలబడిపోయింది.

"ఇది మా చేనేగద సేటూ."

"అవునా? మంచిగ వచ్చిందా?"

"మావోడేడి?"

శ్రీరంగం కళ్ళజోడు సవరించుకున్నాడు. బొమ్మ దగ్గరికెళ్ళి ఆ మూల నుంచి ఈ మూల దాకా మనిషి కోసం వెతికాడు. "ఆ పొద్దు ఆడ ఎవరూ లేరమ్మా. ఒట్టు."

"ఇప్పచెట్టు పక్కన నిలబడి ఉంటడు. మేమేగద నిలబెట్టింది."

అప్పుడు వెలిగింది. పోయినవాళ్ళ పేరున దొర్లవాళ్ళు రాయి నిలబెట్టి, అన్నం పెట్టి, పేరు పెట్టి పిలుస్తారు. ఆ విందుల్లో శ్రీరంగం ఎన్నిసార్లు తిన్నాడో. మూడు తరాలుగా వాళ్ళ మధ్యే బతుకుతూ, కెమెరాలోంచి చూసేసరికి అది ఆయనకు వట్టి అడ్డంలా కనిపించింది. దీపం కిందే చీకటంటే ఇదే.

గంగే మొగుడు జ్వరంతో పోయేటప్పటికి దేవే ఇంకా కడుపులోనే ఉంది.

"ఆయన ఎన్నడూ ఫొటో దిగలే," అంది గంగే. "ఈ పిల్ల రోజూ అడుగుతది, నాయిన ఎట్లుంటడని. నువ్వు మా చేన్ల ఫొటో తీసినవని ఊరోళ్ళు చెప్పిన్రు. అండ్ల పడి ఉంటడుగదా, చూపిద్దామని వచ్చిన. ఎందుకు తీసేసినవ్ సేటూ? నీకేం అడ్డమొచ్చిండు?"

సిగ్గుతో శ్రీరంగం చెవులు వేడెక్కాయి. కంప్యూటర్ ముందు కూలబడి, అదృష్టం కొద్దీ చెరిపెయ్యని అసలు ఫొటో తెరిచాడు. రాయి ఉంది. గంగే ఊపిరి పీల్చుకుంది.

"ఇదే తీసిస్తనమ్మా."

"ఆ గోడ మీది దాని లెక్క చెయ్యవా? గీసినట్టు?"

ఇదెక్కడి చిక్కు అనుకున్నాడు. అలా చేస్తేనే కదా పాడైంది! "రాయి చెదిరిపోతదమ్మా," అన్నాడు.

"అయితే అయింది, చెయ్యరాదూ."

చేశాడు. రాయి అంచులు మంచులోకి కరిగాయి. పైన సన్నబడి, కింద వెడల్పై, మొన్నటి మరకే మళ్ళీ వచ్చింది. ఇప్పుడు చూస్తే అది మరకలా లేదు. దుప్పటి కప్పుకుని చలిలో నిలబడ్డ మనిషిలా ఉంది. తన కళ్ళు మోసం చేస్తున్నాయేమోనని శ్రీరంగం కళ్ళజోడు తుడుచుకున్నాడు. సరిచేద్దామని మౌస్ మీద చెయ్యి వేశాడు.

"ఆగు," అంది గంగే. తెర దగ్గరికి వంగి చూసింది. "మావోడు అంత పొడుగు లేడు. జర తగ్గియ్యి."

రాయి పొడుగా, మనిషి పొడుగా? అడిగే ధైర్యం లేక తగ్గించాడు.

"ఇంకొంచెం. ఎడమ భుజం దించు. కట్టెలు మోసి మోసి అటే వంగిండు."

రాయికి భుజం ఎక్కడుంటుందో ఆయనకు తెలియలేదు. చేస్తున్నది సాయమో మోసమో అంతకన్నా తెలియలేదు. బ్రష్‌తో ఎడమవైపు కొద్దిగా కిందికి లాగాడు.

"చాలు. ఇగ ముట్టకు."

గంగే కూతుర్ని భుజం పట్టుకుని ముందుకు నడిపించింది.

"ఇగో, సూడు. మీ నాయిన."