నాలుగు గంటల ఆకలిని దాటించిన దేవుడు

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, మన సంఘ పత్రికలో మరణపు మంచం మీదనుండి లేచినవారి సాక్ష్యాలు, తాగుడు మానినవారి సాక్ష్యాలు చదివి కళ్ళు తుడుచుకున్నవాణ్ణి నేను. అంత పెద్ద విడుదలల పక్కన నా సాక్ష్యం చిన్నది, కొంచెం నవ్వు పుట్టించేది కూడా, ఎందుకంటే దేవుడు నన్ను విడిపించింది మిర్చి బజ్జీ నుండి, ఉస్మానియా బిస్కట్టు నుండి. అయినా బంధకం బంధకమే గదా, గొలుసు ఇనుపదైతేనేం, జిలేబీదైతేనేం.

నా చీకటి రోజులు నిజంగానే చీకటితో మొదలయ్యాయి. రెండు కళ్ళలోనూ శుక్లాలు వచ్చి, కుడి కన్ను ముందు మంచు కమ్మినట్టు అయిపోయింది. ఏళ్ళ తరబడి ఆరాధనలో వాక్యపాఠం చదివేవాణ్ణి నేనేనని మీకు తెలుసు, ఆ అక్షరాలు ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చుంటుంటే సగం చూసి, సగం కంఠస్థంగా నెట్టుకొచ్చాను, చివరికి మన పాస్టరు అయ్యగారే ప్రేమతో ఆ పని వేరొకరికి అప్పగించారు. నేను వెనక బెంచీలో కూర్చుని వినడం మొదలుపెట్టాను. కంటి ఆసుపత్రికి వెళితే ఆపరేషన్ చేస్తాం గానీ ముందు షుగర్ తగ్గించుకొని రమ్మన్నారు. వెళ్ళాను, తగ్గలేదన్నారు. మళ్ళీ వెళ్ళాను, పెరిగిందన్నారు.

ఎందుకు పెరగదు? నేను రైల్వేలో గూడ్సు బండి గార్డుగా పనిచేసి రిటైరైన మనిషిని. మాది బండి చివర ఉండే బ్రేకు వ్యానులో ఉద్యోగం, కానీ జీవితమంతా బ్రేకు వ్యానులో గడిపినా నోటికి మాత్రం బ్రేకు పడలేదు. ఏ స్టేషన్‌లో వడ బాగుంటుందో, ఎక్కడ సమోసా వేడిగా దొరుకుతుందో నాకు సిగ్నళ్ళకంటే బాగా తెలుసు. బండి ఆగిన చోటల్లా తినుబండారమే. రిటైరయ్యాక బండి లేదు గానీ, బండారం మిగిలిపోయింది.

చివరికి నా భార్య సుగుణ నన్ను అల్వాల్‌లో ఒక షుగర్ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆమె అన్నీ చూసి నెమ్మదిగా అడిగింది.

"అంకుల్, సాయంత్రం నాలుగు గంటలకు ఏం తింటారు?"

"ఏం లేదమ్మా, టీతో రెండు బిస్కట్లు."

"రెండా?" అంది సుగుణ. "ప్యాకెట్ల రెండు మిగుల్తయి డాక్టరమ్మా. గవి నాకు."

డాక్టరమ్మ నవ్వలేదు. కిడ్నీ పరీక్షలు చేయించింది, బాగున్నాయని చూసుకుంది, అప్పుడు చెప్పింది, మూడు నెలలు అన్నం, రొట్టె, పప్పు, పండు, పిండివంట అన్నీ ఆపి మాంసం, చేప, గుడ్డు మాత్రమే తినమని, మాత్రలు తనే మారుస్తానని, నా ఇష్టం వచ్చినట్టు మార్చవద్దని. సహోదరులారా, ఇది నా ఒంటికి నా డాక్టరు చెప్పిన మాట, మీరు మీ డాక్టరును అడగకుండా నన్ను చూసి మొదలుపెట్టకండి.

మటన్ తినమని డాక్టరే చెబితే ఇంకేం కావాలని మీరు అనుకుంటారు, నేనూ అలాగే అనుకొని క్రిస్మస్ కేకు ఆఖరి ముక్క మింగి సంతోషంగా మొదలుపెట్టాను. మధ్యాహ్నం ఏ ఇబ్బందీ లేదు, రాత్రీ లేదు. నాలుగు గంటలు కొట్టేసరికి మాత్రం నా నోరు పాత డ్యూటీకి ఎక్కేది. చక్కెర లేని టీ ముందు కూర్చుని, దానితో నమలడానికి ఏమిటి ప్రభువా అని దిక్కులు చూసేవాణ్ణి.

ఉడికించిన గుడ్డు తిన్నాను, కడుపు నిండింది గానీ నోరు ఊరుకోలేదు. కోడి కార్జం వేయించి పెట్టింది సుగుణ, బాగుంది, రోజూ అంటే మొహం మొత్తింది. కీమా ఉండలు చేసింది, శనగపిండి కలపలేదు గనుక ఆ ఉండలు ఉండలుగా ఉండలేదు, గుడ్డు కొట్టి కలిపితే దారికి వచ్చాయి. బయట కొందామంటే చికెన్ సిక్స్టీ ఫైవ్‌లో మొక్కజొన్న పిండి, షామీ కబాబ్‌లో శనగపప్పు. మాంసం పేరు పెట్టుకుని ఇన్ని పిండివంటలు మన ఊళ్ళో తిరుగుతున్నాయని నాకు అంతవరకు తెలియదు.

ఒకరోజు సుగుణ వాళ్ళమ్మ పద్ధతి గుర్తుచేసుకుంది. మటన్‌ను సన్నగా పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, మిద్దెమీద తీగకు వేసి ఎండబెట్టింది, ఎండిన తునకలను పెనం మీద కాల్చి ఇచ్చింది. కొరికితే కరకరమంది. అప్పుడు తెలిసింది, నా నోరు వెతికింది తీపిని కాదు, ఆ చప్పుడును. దేవునికే మహిమ, ఆ రోజు నుండి నా చొక్కా జేబులో కళ్ళజోడు పక్కన తునకల డబ్బా చేరింది. షుగర్ కొంచెం కొంచెంగా దిగడం మొదలైంది. కంటి ఆసుపత్రి వాళ్ళు ఈస్టరుకు ముందు ఒక తారీఖు ఇచ్చారు, అప్పటికి ఇంకా దిగితేనే ఆపరేషన్ అన్నారు.

అంతలో ఈస్టరు ముందటి లెంట్ ఉపవాస కాలం వచ్చింది. ఆ నలభై రోజులు మనం మాంసం ముట్టం గదా, మా ఇంట్లో తాతల నాటి నుండి అదే మర్యాద. ఇప్పుడు నేనేం చెయ్యాలి? లెంట్ మొదలయ్యే భస్మ బుధవారం దాటిన మర్నాడు తలవంచుకుని బోయిగూడలో మా మటన్ దుకాణానికి వెళ్ళాను. దుకాణం యాదగిరిది, హిందువే అయినా మన పండగలన్నీ అతనికి గిరాకీని బట్టి తెలుసు.

"ఏంది సారూ, గిట్లొచ్చినవ్? మీ నలభై రోజులు షురూ అయినయి గదా."

"డాక్టరమ్మ తినమన్నది యాదన్నా."

"నాకైతే మంచిదే" అన్నాడు కత్తి పక్కన పెట్టి. "గని తర్వాత నువ్వు పరేషాన్ అయితవ్. జెర మీ అయ్యగారిని అడిగి రాపో. మాంసం ఏడికి పోదు."

నాకు నేనే చెప్పుకోలేకపోయిన మాటను అతను అన్నాడు. అక్కడినుండి నేరుగా అయ్యగారింటికి నడిచాను. అయ్యగారు అంతా విని, "ఇమ్మానుయేలు గారూ, పోయిన లెంట్‌లో మీ బరువు తగ్గిందా?" అని అడిగారు.

"పెరిగిందండి."

నిజమే, ప్రతి లెంట్‌లోనూ మాంసం మానిన దుఃఖాన్ని మైదాతో తీర్చుకునేవాణ్ణి. పూరీ, సేమ్యా, బొబ్బట్లు, బజ్జీ, అన్నీ పవిత్రమే, మాంసం లేదు గనుక.

"మరి ఆ నలభై రోజుల్లో లాభపడింది ఎవరు?"

"మేకలండి" అన్నాను.

అయ్యగారు చాలాసేపు నవ్వారు. నవ్వి, నా భుజం మీద చెయ్యి వేసి, "మాంసం మీకు ఈ సంవత్సరం మందు. మీకు వదలడం కష్టమైనదేదో అది ప్రభువుకు ఇవ్వండి, అదే మీ లెంట్" అన్నారు. నాకు కష్టమైనది నాలుగు గంటల ప్లేటు. ఆయన ప్రార్థన చేసి పంపారు. యాదగిరి దగ్గరికి తిరిగి వెళ్ళి మాంసం తెచ్చుకున్నాను.

కానీ అయ్యగారు ఒప్పుకున్నంత తేలికగా అందరూ ఒప్పుకుంటారా? ఆ శుక్రవారం ఉపవాస ప్రార్థన యాప్రాల్‌లో రత్నమ్మక్క ఇంట్లో. ప్రార్థన అయ్యాక పలహారం మీద ప్రార్థించేది ఎప్పుడూ నేనే, ఎందుకంటే నాది చాలా చిన్న ప్రార్థన, బజ్జీలు చల్లారవు. ఆ రోజు కూడా ప్రార్థించాను, ఆమెన్ అన్నాను, ప్లేటు పక్కకు జరిపి జేబులోంచి డబ్బా తీశాను.

"గదేందన్నా డబ్బల?" అంది రత్నమ్మక్క.

"తునకలక్కా."

చుట్టూ ఉన్నవాళ్ళు నా డబ్బా వైపు తిరిగారు.

"ఉపవాస ప్రార్థనకు వచ్చి తునకలా?"

"డాక్టరమ్మ చెప్పిందక్కా. అయ్యగారు సుత సరే అన్నరు."

"డాక్టరమ్మ చెప్పింది, అయ్యగారు చెప్పిండ్రు. ఇగ యేసయ్య చెప్పుడే బాకీ."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, మాట అంత బాగుంది. కానీ బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే ఆ నవ్వు గుండెలో ముల్లులా కదిలింది. అప్పుడే రంజాన్ నెల కూడా నడుస్తోంది, మూలమీద హలీమ్ బట్టీ పొగలు కక్కుతోంది. అంతా మాంసమే గదా అని నా మనసు అంది. సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగినవాడికి హలీమ్‌లో గోధుమలు ఉంటాయని తెలియదా? తెలుసు, కానీ నాలుకకు జ్ఞాపకశక్తి తక్కువ. ఒక గిన్నె తిన్నాను, తరువాత ఇంకొకటి.

పొద్దున సుగుణ వేలు గుచ్చి పరీక్ష చేసింది. మిషన్ మీద అంకెను ఆమె నాకు చదివి చెప్పలేదు, నాకా కనిపించదు. ఆసుపత్రి తారీఖు ఇంకో వారమే ఉంది.

"ఏం తిన్నవయ్యా?"

చెప్పాను.

"నీ కంటె నీ కన్నుమీద నాకే ఫికరున్నట్టుంది" అని ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంది. నలభై ఏళ్ళ కాపురంలో నన్ను తిట్టి ఏడిపించింది గానీ, తిట్టకుండా ఏడవడం అదే మొదటిసారి.

ఆ రోజు నాలుగు గంటలకు మిద్దె ఎక్కి, తీగమీద తునకలకు కాకులు రాకుండా కూర్చున్నాను. నోరు మొదలైంది. పెద్ద ప్రార్థన రాలేదు. "ప్రభువా, నాలుగు నుండి ఐదు దాకా నన్ను పట్టుకో, ఆ తరువాత నేను చూసుకుంటాను" అన్నాను. వెంటనే నా చరిత్ర నాకు గుర్తొచ్చి, "కాదు ప్రభువా, ఆ తరువాత కూడా నువ్వే చూసుకో" అన్నాను.

అప్పుడే స్టేషన్ వైపు ఒక బండి ఆగకుండా కూత వేసుకుంటూ పోయింది. జీవితంలో ఎన్నిసార్లు చూశాను సహోదరులారా, ఆగని బండి వచ్చేటప్పుడు భూమి అదురుతుంది, ప్లాట్‌ఫాం మొత్తం దానిదే అన్నట్టు వస్తుంది, మనం చేయవలసిందల్లా కొంచెం వెనక్కి జరిగి నిలబడడం, అది పోతుంది. నా ఆకలి కూడా అటువంటి బండే. ఇన్నేళ్ళు నేనే ఎర్రజెండా చూపించి దాన్ని ఆపి ఎక్కించుకున్నాను. ఆ రోజు పచ్చజెండా ఊపి పంపేశాను. కింద నుండి ఐదు గంటల పాలవాడి కేక వినబడింది. రెండు తునకలు నమిలి లేచాను. మర్నాడూ అదే ప్రార్థన, అదే బండి, మళ్ళీ వెళ్ళిపోయింది.

వారం తరువాత ఆసుపత్రిలో రక్తం చూసి, "ఈసారి చేసేద్దాం" అన్నారు. సుగుణ నా చెయ్యి పట్టుకుని పైకి చూసింది. ఆపరేషన్ అయ్యాక నర్సమ్మ అందరికీ ఇచ్చినట్టే నాకూ ఒక ట్రేలో టీ, రెండు బిస్కట్లు పెట్టింది. ఒక కంటికి కట్టు, రెండో కంటికి మసక, అయినా అవి ఉస్మానియా బిస్కట్లని ముక్కు చెప్పింది. నేను సుగుణ వైపు తిరిగాను. ఆమె అప్పటికే డబ్బా మూత తీసి పట్టుకుని ఉంది.

ఈస్టరు ఉదయం ఆరాధనకు ముందు అయ్యగారు నన్ను పిలిచి వాక్యపాఠం చదవమన్నారు. ఖాళీ సమాధి దగ్గర స్త్రీలు నిలబడిన ఆ భాగం నాకు కంఠస్థమే, కానీ ఆ రోజు కంఠస్థంగా చెప్పలేదు. ఒక్కొక్క అక్షరం దాని చోట అది నిలబడి ఉంది, ఒత్తులు కింద ఉన్నాయి, దీర్ఘాలు పైన ఉన్నాయి, నేను చదివాను. మధ్యలో ఒకసారి ఆగి కళ్ళజోడు తుడుచుకున్నాను, మీరందరూ ఓపికపట్టారు.

ఆరాధన అయ్యాక అందరికీ బన్ను, టీ ఇస్తున్నారు. రత్నమ్మక్క ఒక స్టీలు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. తీస్తే ఉడికించిన గుడ్లు, ఒలిచి, మిరియాలు చల్లి.

"నలభై రోజులు నేను గుడ్డు ముట్టలేదన్నా. పొద్దుగాల లేచి ఉడకబెట్టిన, మొదటిది నీకే. గా దినం నోరు జారిన."

"నీది నోరే జారిందక్కా, నాకు హలీమ్‌ల కాలు జారింది" అన్నాను. ఆమె నవ్వి, తనూ ఒక గుడ్డు తీసుకుంది.

సహోదరీ సహోదరులారా, రెండో కంటికి త్వరలో ఆపరేషన్ ఉంది, ప్రార్థించండి. మాత్రలు డాక్టరమ్మ తగ్గించింది. నాలుగు గంటల బండి ఇప్పటికీ రోజూ వస్తుంది, రాదని నేను అబద్ధం చెప్పను, కానీ ప్లాట్‌ఫాం మీద నాతో ఒకరు నిలబడుతున్నారు. మీ బండి ఏ గంటకు వస్తుందో నాకు తెలియదు, సీసాదో, సెల్‌ఫోన్‌దో, కోపానిదో. ఎంత చిన్నదైనా సిగ్గుపడకుండా ఆయనకు చెప్పండి, ఒక్క గంట పట్టుకోమని అడగండి, ఆయన ఆ చిన్న ప్రార్థనకు నవ్వడు, నిలబడతాడు.

వచ్చే శుక్రవారం కూడిక బోయిగూడలో మా ఇంట్లోనే. సుగుణ మీకు బజ్జీలు వేస్తుంది, నా తునకలు పక్క ప్లేటులో ఉంటాయి, ఎవరిది వారు తినవచ్చు. పలహారం మీద ప్రార్థన మాత్రం నేనే చేస్తాను. బజ్జీలు చల్లారితే నన్ను క్షమించండి, ఈ మధ్య నా ప్రార్థన కొంచెం పొడుగైంది.