గుర్తులు చెప్పి తీసుకెళ్ళగలరు

ఎండాకాలంలో మా కారు డిక్కీ తెరిస్తే ముందుగా పలకరించేది తడి ఇసుక వాసన. పిల్లల తువ్వాళ్ళ మడతల్లోంచీ చెప్పుల సందుల్లోంచీ రాలిన ఇసుకకు కాస్త ఉప్పు, కాస్త సన్‌స్క్రీన్, ఎప్పుడో ఒలికిన యాలకుల టీ కలిసి, ఎంత దులిపినా వదలని వాసనొకటి పట్టుకుని ఉంటుంది. మా ఆయన ముక్కు మూసుకుంటాడు. నేను మాత్రం ఎవరూ చూడకుండా ఇంకోసారి పీల్చుకుని అల్‌హమ్‌దులిల్లాహ్ అనుకుంటాను, ఎందుకంటే ఆ వాసన వెంటే మా నాన్న వచ్చేస్తాడు: నెత్తిన నమాజు టోపీ, దాని మీద పెద్ద హెడ్‌ఫోన్లు, మోకాళ్ళ దాకా మడిచిన ఆఫీసు ప్యాంటు, చేతిలో పొడుగాటి కర్రకు కంచం బిగించినట్టుండే మెటల్ డిటెక్టరు.

మాది గుంటూరు వైపునుంచి ఈ దేశం వచ్చిన నూర్‌బాషా కుటుంబం. నమాజు అరబ్బీలో, మిగతాదంతా తెలుగులో. నాన్న పేరు మస్తాన్. పారమట్టాలో ఒక ఆఫీసులో లెక్కలు చూసేవాడు. రోజూ నడవమని డాక్టరు చెప్పాడు గానీ, పనీపాటా లేకుండా ఊరికే నడవడం దండగని ఆయన నమ్మకం. అందుకని ఎవరో ఇంటి ముందు పాత సామాన్లు అమ్ముతుంటే అమ్మ ఈ యంత్రం కొనుక్కొచ్చి ఆయన చేతికిచ్చింది. నన్ను బడికి పంపకుండా అమ్మే ఇంట్లో చదివించేది కాబట్టి, ఆదివారం తెల్లవారుజాము నమాజు కాగానే బీచ్‌కి వెళ్ళడం నా పాఠాల్లో కలిసిపోయింది. ఆటుపోట్లు భూగోళం, తుప్పు పట్టిన మేకులు రసాయనశాస్త్రం, ఇక సముద్రం అన్న మాటలో ద కింది ర ఒత్తు అమ్మ నాచేత తడి ఇసుక మీదే వేలితో దిద్దించింది. నేను సరిగ్గా రాసిన ప్రతిసారీ ఒక అల వచ్చి చెరిపేసి మళ్ళీ రాయించేది.

ఇసుక జల్లించడానికి మొదట్లో మా దగ్గర ఏమీ లేదు. నాన్న చెప్పాపెట్టకుండా అమ్మ బూందీ దూసే చిల్లుల గరిటె పట్టుకొచ్చేవాడు, ఇంటికెళ్ళగానే కడిగి యథాస్థానంలో తగిలించేవాడు. ఆ రంజాన్ పండక్కి మా ఇంటి కారబూందీ తిన్నవాళ్ళంతా "ఈసారి కొత్తగా ఉంది, పళ్ళ కింద భలే కరకరలాడుతోంది" అని మెచ్చుకుంటుంటే అమ్మ మొదట మురిసిపోయింది, తర్వాత ఒక గింజ నోట్లో వేసుకుని నాన్న వైపు చూసింది. "ఆ గరిటె ఇంకోసారి నా వంటింటి గడప దాటిందంటే, దాని వెనకాలే మీరూ వెళ్ళిపోవచ్చు" అంది. అప్పట్నించీ ఆ గరిటె ఇసుకకే అంకితమైంది.

బీచ్ మర్యాదలు మాకు నేర్పినవాడు రాన్ అనే తెల్లతాత. ఆయనకూ ఒక యంత్రం ఉండేది, పక్కనే ఒక ముసలి కుక్క ఉండేది. తవ్విన గుంట పూడ్చకుండా అడుగు కదపకూడదు, పడుకున్నవాళ్ళ తువ్వాళ్ళ దరిదాపుల్లో యంత్రం కూయకూడదు, గడ్డి మొలిచిన ఇసుక దిబ్బల జోలికి పోకూడదు, చెత్త దొరికితే మళ్ళీ పారేయకుండా ఇంటికి మోసుకెళ్ళాలి. "ఫిల్ యువర్ హోల్స్, మేట్" అని ఆయన మొదటిరోజు అన్న మాటను నాన్న గుండెకు హత్తుకున్నాడు. దారిలో ముల్లు తీసేయడం కూడా దానమేనని మా పెద్దలు చెప్పిన మాటకూ దీనికీ తేడా లేదని, తన గుంటలే కాదు, కనిపించిన ప్రతి గుంటా పూడ్చేవాడు. ఒకసారి ఒక పసిపిల్ల పొద్దుటినుంచి కోట చుట్టూ తవ్వుకున్న కందకాన్ని శ్రద్ధగా పూడ్చి, కాలితో అదిమి చదును చేశాడు. ఆ పిల్ల "డాడ్! దట్ మ్యాన్ స్టోల్ మై రివర్!" అని బీచ్ ఎగిరిపోయేలా ఏడ్చింది. పాపం నాన్న మోకాళ్ళ మీద కూలబడి, బూందీ గరిటెతో మునుపటికన్నా పొడుగైన నది తవ్వి అప్పజెప్పాడు.

ఇక్కడ ఎండాకాలంలో వచ్చే క్రిస్మస్ సెలవుల్లో ఉంగరాలు ఎక్కువ జారేవి, సన్‌స్క్రీన్ రాసుకున్న వేళ్ళ మహిమ. మామిడిపళ్ళ రసం మోచేతుల దాకా కారుతుంటే నేను దొరికినవాటికి కాపలా కూర్చునేదాన్ని. చలికాలంలో తుపాను వచ్చి ఒడ్డున ఇసుకంతా కోసుకుపోతే, లోపలెప్పుడో పడినవి పైకి తేలేవి. ఆ మర్నాడు నాన్నకు పండగే. చిత్రమేమిటంటే బంగారపు ఉంగరానికీ కోక్ డబ్బా మూతకుండే రింగుకీ ఆ యంత్రం ఒకే గొంతుతో కూసేది. "చూశావామ్మా, దీనికి గొప్పాబీదా తేడా లేదు" అని నాన్న ప్రతి డబ్బా రింగునీ ఉంగరమంత గౌరవంగానే తవ్వి తీసేవాడు.

మా ఇంటికి ఎదురిల్లు శేషారత్నం ఆంటీది. తెనాలి ఆవిడ. పుట్టింటినుంచి తెచ్చుకున్న ఇత్తడి బాలకృష్ణుడు, పాకుతూ కుడిచేతిలో వెన్నముద్ద పట్టుకున్నవాడు, ఆవిడకు దేవుడూ పిల్లాడూ కూడా. కిష్టయ్య అని పిలిచేది. రోజూ పొద్దున్నే వెన్న తీసేది; ప్రసాదం తినని మా ఇంటి పద్ధతి తెలిసిన మనిషి కాబట్టి, ఆయనకు పెట్టకముందే నా వాటా పక్కకు తీసి పంచదార అద్ది నా అరచేతిలో పెట్టేది. నేను బిస్మిల్లా అని నోట్లో వేసుకునేదాన్ని. ఒకరోజు చింతపండుతో తోముతుండగా కిష్టయ్య చేయిజారి నేల మీద పడి, కుడిచెయ్యి వెన్నముద్దతో సహా విరిగిపోయింది. భిన్నమైన విగ్రహం ఇంట్లో ఉండకూడదు, పారే నీళ్ళలో వదిలేయమని తెనాలినుంచి వదినగారు ఫోనులో ఖాయం చేశారు. ఆంటీ ఏడుస్తూనే మేము వెళ్ళే బీచ్‌లోనే సముద్రంలోకి మోకాలి లోతు దిగి వదిలేసి వచ్చింది. అలలంటే భయం, అంతకన్నా లోపలికి పోలేదు. ఆ రోజునుంచి వెన్న తీయడం మానేసింది, సరిగ్గా తినడమూ మానేసింది. "ఇల్లంతా ఎవరూ లేనట్టుంది బీబీ" అని అమ్మతో అనేది, పక్కనే సోఫాలో అంకుల్ పెద్ద సౌండుతో క్రికెట్ చూస్తుండగానే.

ఆ చలికాలం పెద్ద తుపాను వెలిసిన మర్నాడు మా యంత్రం ఎన్నడూ వినని గొంతుతో పాడింది. నాన్న తవ్వాడు. ముందు చిన్న కొప్పు, తర్వాత నవ్వు, తర్వాత లేని చెయ్యి.

"నాన్నా! ఆంటీ వాళ్ళ కిష్టయ్య!"

నాన్న గబగబా జేబురుమాల్లో చుట్టాడు, గుంట పూడ్చాడు, తర్వాత అక్కడే నిలబడిపోయాడు. "పోగొట్టుకున్నదైతే పరుగెత్తుకెళ్ళి ఇచ్చేయొచ్చు. ఇది వదిలేసింది కదమ్మా. వదిలిందాన్ని తీసుకెళ్ళి గుమ్మంలో పెడితే ఆవిడ ఏమనుకోవాలి?" అన్నాడు. మళ్ళీ నీళ్ళలో వేస్తే రేపు ఇంకొకడు తీసి పాత ఇత్తడికి అమ్మేస్తాడు. ఉంచుకుందామంటే మనది కాదు. అమ్మ ఉప్పంతా కడిగి, మెత్తటి తువ్వాల్లో చుట్టి బట్టలుతికే గదిలో పైఅరలో పెట్టింది. "మనింట్లో విగ్రహం ఉండకూడదు గానీ ఒకరి అమానత్తు ఉండొచ్చు" అంది. ఒకరి సొమ్ము మన దగ్గర భద్రంగా ఉంటే మేము దాన్ని అమానత్తంటాం.

దొరికిన వస్తువును నలుగురిలో చాటాలి, గుర్తులు సరిగ్గా చెప్పినవాళ్ళకే ఇవ్వాలి: మా దీన్‌లో, అంటే మా మతంలో, పద్ధతి అది. నాన్న గిరావీన్‌లో ఇండియన్ షాపు బోర్డు మీద కాగితం అంటించాడు: "బీచ్‌లో ఒక వస్తువు దొరికింది. గుర్తులు చెప్పి తీసుకెళ్ళగలరు." మొదట ఇత్తడి వస్తువు అని రాసి, అది కూడా ఎక్కువ చెప్పినట్టవుతుందని కొట్టేశాడు. "కావాలనుకుంటే ఆవిడే వస్తుంది. వద్దనుకుంటే చదివి ఊరుకుంటుంది. మనం బలవంతం చేసినట్టూ ఉండదు, దాచినట్టూ ఉండదు" అన్నాడు. నన్ను ఎదురింటివైపు చూడను కూడా చూడొద్దన్నాడు. నాలాంటి వాగుడుకాయకు అంతకన్నా కఠినమైన ఉపవాసం ఇంకోటి లేదు.

ఫోన్లు మొదలయ్యాయి. ఒకరివి తాళాలు, ఒకరివి నల్లకళ్ళద్దాలు, ఒకరిది ముక్కుపుడక. ఒకాయన బంగారు గొలుసన్నాడు, ఏ బీచ్‌లో పోయిందండీ అంటే, "వైజాగ్‌లోనండి. అన్నీ ఒకటే నీళ్ళు కదా, కొట్టుకొచ్చిందేమోనని" అన్నాడు. నాన్న ఓపిగ్గా అందరికీ వాళ్ళది దొరకాలని దుఆ చేస్తానని చెప్పి పెట్టేసేవాడు. ఎదురింటి తలుపు మాత్రం తెరుచుకోలేదు. అమ్మ కూడా కర్రీ కలుపుతూ కిటికీలోంచి అటే చూసేది.

చివరికి ఒక సాయంత్రం ఆంటీ కరివేపాకు కోసం వచ్చింది. ఆవిడ పెరట్లో చెట్టు మా చెట్టుకన్నా ఎత్తు.

"ఏదో దొరికిందంటగా అన్నయ్యా?"

"దొరికిందండీ."

"ఏంటంటా అది?"

"గుర్తులు మీరు చెప్పాలి అక్కయ్యగారూ."

"నేనేం పోగొట్టుకోలా."

"అయితే మీది కాదేమోనండీ."

ఆంటీ కరివేపాకు రెమ్మ ఆకు ఆకుగా తుంపింది. "పోగొట్టుకోలేదు. వదిలా. వదలమంటే వదిలా" అంది. ఆకులన్నీ అయిపోయాక, "కుడిచెయ్యుండదు" అంది.

"అది వీధిలో అందరికీ తెలుసండీ. ఎవరికీ తెలీని గుర్తేదైనా..."

"ఇంక చాల్లెండి, పోలీసా మీరు?" అని అమ్మ కసిరింది.

ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వీపు మీద సొట్ట. చిన్నప్పుడు... బాదంకాయలు కొట్టా. మా అమ్మక్కూడా తెలీదు. రాయి కనపడక దేవుడితో బాదంకాయలు కొట్టాను బీబీ!"

ముందు అమ్మ నవ్వింది, ఆపుకోలేక నేను, చివరికి ఏడుస్తూనే ఆంటీ. నాన్న తువ్వాలు మూట తెచ్చి ఆవిడ ముందు బల్ల మీద పెట్టాడు. ఆవిడ మాత్రం ముట్టుకోలేదు. "ఇంట్లో ఉండకూడదంటగా. పూజకి పనికిరాడంటగా" అంది.

"పూజకి పనికిరాకపోతే పోయె, మీకు పనికొస్తాడు కదక్కా. చెయ్యి విరిగిందని పిల్లోణ్ణి ఎవరన్నా ఇంట్లోకి రానీరా?" అంది అమ్మ.

"సముద్రం కూడా తీసుకెళ్ళిపొమ్మంది కదండీ" అన్నాడు నాన్న మెల్లగా.

ఆంటీ మూట విప్పి ఒళ్ళోకి తీసుకుని, "ఎండలో తిరిగి ఎంత నల్లబడ్డాడో చూడు, వెధవ" అంది. మర్నాడు పొద్దున్నే ఎదురింట్లో కవ్వం చప్పుడు. కిష్టయ్య పూజగదిలోకి వెళ్ళలేదు. వంటింటి కిటికీలో ఉప్మారవ్వ డబ్బా పక్కన కూర్చున్నాడు. తెనాలి వదినగారు ఫోనులో నిలదీస్తే, "దేవుణ్ణి ఎప్పుడో వదిలేశాను వదినా, వంటింట్లో ఒక పిల్లాడున్నాడు, అంతే" అందట.

ఇప్పుడు ఆంటీ మెల్‌బోర్న్‌లో కూతురి దగ్గర క్లేటన్‌లో ఉంటోంది. నాన్న మోకాళ్ళు ఇసుకలో నడవనివ్వవు. ఆ షాపు పోయి ఫోన్లు బాగుచేసే కొట్టు వచ్చింది, బోర్డు ఉన్న గోడే లేదు. జనం డబ్బు కట్టడానికి కూడా ఫోనే తాకిస్తున్నారు కాబట్టి ఇసుకలో చిల్లర నాణేలు కూడా దొరకడంలేదు.

మొన్న సెలవుల్లో మా అమ్మాయికి అదే ఒడ్డున ఒక జూకా కనిపించింది. వెంటనే ఫోటో తీసి మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. నా టీ చల్లారేలోగా ఒకావిడ జతలో రెండోదాని ఫోటో పంపింది, సాయంత్రం కారు ఇంజను ఆపకుండానే కిటికీలోంచి చెయ్యి చాపి తీసుకుని, థాంక్యూ సో మచ్ అంది. ఎవరిది వాళ్ళకు చేరింది, అల్లా దయ, నాకు సంతోషమే. కానీ ఆ జూకాలు ఎవరు చేయించారో, అవి పెట్టుకుని ఆవిడ చిన్నప్పుడు చేసిన అల్లరేమిటో అడగడానికి ఇక వీలే లేకపోయింది. కారు మలుపు తిరిగిపోయాక కూడా నేను గేటు పట్టుకుని అటే చూస్తుంటే, మా అమ్మాయి లోపల్నుంచి కేకేసింది: "అమ్మా, షీజ్ గాన్. వాట్ ఆర్ యూ వెయిటింగ్ ఫర్?"