బానెట్ మీద అరచెయ్యంత చోటు

దయ్యం, గాలి, సోకు లాంటి మాటలంటే నాకు మొదటినుంచీ నవ్వే. నంద్యాలలో డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నాను. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు కారుకు నిమ్మకాయలు కట్టమంటే, నిమ్మకాయ బ్రేకు వెయ్యదు, నువ్వే వెయ్యాలి అని చెప్పే మనిషిని. ఫలానా మలుపులో తెల్లచీర కనిపిస్తుందని ఒక కుర్రాడు వణికిపోతే, అదే మలుపులో వారంపాటు అతనిచేత రివర్సు చేయించాను. చీరా రాలేదు, రవికా రాలేదు. అతనికి మాత్రం రివర్సు బాగా వచ్చింది.

ఇప్పుడు చెప్పబోయేది జరిగాక కూడా నేను దయ్యాల్ని నమ్మడం లేదు. ఎందుకంటే ఇందులో చచ్చిపోయినవాళ్లు ఎవరూ లేరు. నాకు మింగుడుపడనిది కూడా అదే.

నాకొక ఎర్ర స్పోర్ట్స్ కారు ఉంది. రెండే తలుపులు, రెండే సీట్లు. అందులో కూర్చుంటే రోడ్డు మీద చాప వేసుకుని కూర్చున్నట్టు ఉంటుంది. బెంగళూరులో ఒకాయన ఇంటి వెనక దుమ్ముకొట్టుకుపోయి ఉంటే చూసి, మనసాగక కొనుక్కొచ్చాను. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది కాబట్టి ఏ భాగం పాడైనా కొత్తది దొరకదు. ఇంట్లో ఉన్న ఇద్దరు పిల్లలకంటే దానికే ఎక్కువ స్నానాలు చేయించానని మా ఆయన ఇప్పటికీ దెప్పుతాడు. అందులో అబద్ధమేమీ లేదు.

దసరాకు కొన్నాళ్ల ముందు ఒక ఆదివారం ఉదయం ఆ కారులో ఆళ్లగడ్డకు బయల్దేరాను. శిరివెళ్ల దాటాక నా ముందు బేతంచెర్ల బండల లారీ పోతోంది. దాని పక్కనుంచి ఒక నాపరాయి ముక్క జారి రోడ్డు మీద పడింది. లారీ వెనక టైరు దాని అంచును నొక్కింది. రాయి పైకి లేచింది. స్కూల్లో నేర్చుకునేవాళ్లకు చెప్పినట్టే ముందు బండికి దూరంగా ఉన్నాను, చెప్పినట్టే బ్రేకు వేశాను. రాయి అద్దం మీద కాకుండా బానెట్ మీద పడింది. అద్దం మీద పడి ఉంటే ఈ సంగతి ఇంకెవరో రాయాల్సి వచ్చేది.

లారీవాడికి తెలియనే తెలియదు, పోయాడు. దిగి చూస్తే బానెట్ నడుమ అన్నం తినే పళ్లెమంత గుంట. కింద బంపరు కూడా చీలింది. బంపరు సంగతి నాకు పట్టలేదు, దాన్ని ఎలాగైనా అతికించవచ్చు. బానెట్ మాత్రం పల్చటి అల్యూమినియం రేకు. ఇనుమును కొట్టినట్టు కొడితే సాగిపోతుంది, లేదంటే పగులుతుంది. రోడ్డు పక్కన నిలబడి, పెద్దదాన్నని కూడా చూసుకోకుండా ఏడ్చాను.

ఇంజనుకు దెబ్బ తగల్లేదు కాబట్టి మెల్లగా ఆళ్లగడ్డకు చేరి, ఓబులేసు షెడ్డులో కారు పెట్టాను. శిల్పాలు చెక్కేవాళ్ల షెడ్లు వరసగా ఉన్న రోడ్డులో అతనిది టింకరింగ్ షెడ్డు. పగలంతా రాతి మీద ఉలి చప్పుడు, ఇతని రేకు చప్పుడు కలిసి వినిపిస్తుంటాయి. ఓబులేసు పెయింటు పనిలో మంచివాడు. సొట్టలు తీసే పని మాత్రం అతని భాగస్వామి ఖాసిమన్నది.

ఖాసిమన్న గురించి కొంచెం చెప్పాలి. ఇంతకు ముందు ఒకసారి ఈ కారు తలుపు సొట్టపోతే ఆయనే తీశాడు. ఆయనకొక పద్ధతి ఉండేది. పనంతా పూర్తిచేసి, ఎక్కడో ఒకచోట అరచెయ్యంత మేర మాత్రం వదిలేసేవాడు. బండి ఓనరు వచ్చాక కళ్లు మూసుకోమని, వాళ్ల అరచెయ్యి ఆ చోట పెట్టించి, తేడా తెలుస్తోందా అని అడిగేవాడు. తెలుస్తోందంటే అప్పుడు వాళ్ల ముందే ఆ చివరి దెబ్బలు కొట్టి, మళ్లీ తడమమనేవాడు. ఓనరు చెయ్యి ఒప్పుకుంటేనే పని అయినట్టు. కలెక్టరాఫీసు జీపైనా, కూరగాయల ఆటో అయినా ఇదే వరస. పనున్నవాళ్లు విసుక్కున్నా ఆయన మారలేదు.

కిందటేడు ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట, నడక బాగానే ఉన్నాయి గానీ కుడి చెయ్యి పడిపోయింది. అప్పటినుంచి నంద్యాలలో స్టేషను దగ్గర ఇంట్లోనే ఉంటున్నాడు. గుండుసూదితో పొడిచినా ఆ చేతికి తెలియదని వాళ్లావిడ హుసేన్‌బీ వదిన చెప్పింది.

కారు షెడ్డులో పెట్టిన మర్నాడు ఆయన్ని చూడటానికి వెళ్లి, ఫోనులో బానెట్ ఫోటో చూపించాను. ఫోను ఎడమచేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"దీనికి పుట్టీ పూయనీయొద్దమ్మా. రేకు ఇంగా సావల్యా. నేనొచ్చి లేపుతా" అన్నాడు.

నీకోసమే ఉంచుతానన్నా అని చెప్పి బయటికొచ్చాను. వదిన నా వెనకే వాకిలి దాకా వచ్చింది. ఆ చెయ్యి ఇక రాదని డాక్టరు ఇంట్లోవాళ్లకు చెప్పేశాడట. ఆ మాట ఆయనతో అనే ధైర్యం ఎవరికీ లేదట. "పనికి పోతా, పనికి పోతా అని రోజూ చొక్కా తొడిగించుకుంటాడు. యాడికి పంపేది?" అని కళ్లు తుడుచుకుంది.

నేను కారు కోసం వెళ్లి, ఇంకొకరి ప్రాణం చేతిలో పెట్టుకుని వచ్చినట్టయింది. బానెట్ వేరేవాళ్లకు ఇస్తే, ఆయన చెయ్యి ఇక రాదని నేను చెప్పినట్టే. ఇవ్వకపోతే కారు బాగుపడదు. దసరా దాకా ఇవ్వలేదు. చివరికి బెంగళూరులో అల్యూమినియం పని తెలిసినవాడు ఒకడున్నాడని ఓబులేసు అంటే, పండగ కాగానే పంపిద్దామని ఒప్పుకున్నాను. ఖాసిమన్నకు ఆ మాట చెప్పే బాధ్యత నాదే అన్నాను. ఎగిరొచ్చిన ఆ రాయిని చూసి కూడా పడనంత భయం, ఆ మాట చెప్పాలంటే నాకు పట్టుకుంది.

ఆయుధపూజ రోజు ఉదయం మా స్కూలు బండ్లకు పూజ చేశాం. నమ్మకం లేకపోయినా బండ్లు కడిగించడానికి అంతకంటే మంచి సాకు దొరకదు. మధ్యాహ్నానికి ఓబులేసు భోజనానికి పిలిస్తే ఆళ్లగడ్డ వెళ్లాను. షెడ్డులో సుత్తులు, రేకు కింద పెట్టి కొట్టే ఇనుప దిమ్మలు, స్పానర్లు అన్నీ కడిగి, ఒక బల్ల మీద వరసగా పేర్చి, పసుపు కుంకుమ పెట్టి, పైన బంతిపూల దండ పరిచారు. ఖాసిమన్న సుత్తులు కూడా అందులోనే ఉన్నాయి. ఆయన ఉన్న రోజుల్లోనూ అంతే, ఆ రోజు ఆయనే దగ్గరుండి పూలు పరిపించేవాడు, మర్నాటి దాకా పనిముట్టు తాకేవాడు కాదు.

నా బానెట్ విప్పి స్టాండు మీద పెట్టి ఉంది. గుంట చుట్టూ పెయింటు గీకేసి ఉంది. నేను గుంటలో చెయ్యి పెట్టి చూశాను. నా మణికట్టు మునిగింది. ఓబులేసు దానికీ ఒక కుంకుమ బొట్టు పెడదామని, గుంట అడుగున, వట్టి రేకు మీద పెట్టాడు. తర్వాత షట్టరు దించి తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు. షెడ్డుకు వెనకవైపు తలుపు లేదు. ఇవన్నీ నేను కళ్లారా చూసినవి.

ఓబులేసు ఇల్లు షెడ్డుకు ఆనుకునే ఉంటుంది. అతని భార్య పూర్ణం పెట్టిన ఓళిగలు వడ్డిస్తోంది. నేనూ ఓబులేసూ పక్కపక్కన కూర్చుని తింటున్నాం. అప్పుడు వినిపించింది. రెండు చిన్న దెబ్బలు, కాస్త ఆగి ఇంకొకటి. మళ్లీ రెండు, మళ్లీ ఒకటి. రేకు మీద సుత్తి చప్పుడు.

ఓబులేసు ముద్ద నోటి దాకా తెచ్చి ఆపేశాడు. శిల్పాల షెడ్డులో ఎవరో ఉలి పట్టుకున్నారులే అన్నాను నేను. అతను తల అడ్డంగా ఊపాడు.

"ఈ పొద్దు ఎవురు ఉలి ముట్టుకుంటారక్కా? అది రాతి సప్పుడు గాదు. అది ఖాసిమన్న దెబ్బ."

నాకు భయం వెయ్యలేదు, కోపం వచ్చింది. పండగపూట ఎవడో లోపల దూరి నా బానెట్ పాడుచేస్తున్నాడనుకున్నాను. ఎంగిలి చేతులతోనే ఇద్దరం పరిగెత్తాం. షట్టరుకు తాళం వేసినట్టే ఉంది. మేము దగ్గరికి చేరేసరికి చప్పుడు ఆగింది. ఓబులేసు తాళం తీసి షట్టరు లేపాడు. మిట్టమధ్యాహ్నపు ఎండ లోపలి గోడ దాకా పడింది. ఎవరూ లేరు.

బల్ల మీద పూలదండ పరిచింది పరిచినట్టే ఉంది. సుత్తుల మీద కుంకుమ చెదరలేదు. బానెట్ మీద గుంట మాత్రం లేదు.

రేకు పైకి లేచి నున్నగా ఉంది. దగ్గరికి వంగి చూస్తే చేపపొలుసుల మాదిరి సన్నటి సుత్తి గుర్తులు, ఒకదాని పక్కన ఒకటి. నడుమ ఒకచోట మాత్రం కొంచెం పల్లం ఉండిపోయింది. అరచెయ్యంత మేర. ఓబులేసు పెట్టిన బొట్టు అందులో అలాగే ఉంది.

నేను తేలిగ్గా ఒప్పుకునే మనిషిని కాదు. ఎదురుగా ఉన్న టైర్ల అంగడి కెమెరాలో రికార్డయింది వేయించి చూశాను. మేము తాళం వేసినప్పటినుంచి తీసేదాకా ఆ షట్టరు దగ్గరికి ఒక కుక్క తప్ప ఎవరూ రాలేదు. ఎండకు రేకు దానంతటదే ఉబికిందేమో అనుకున్నాను. ఉబికితే సుత్తి గుర్తులు పడవు. ఓబులేసు మీద అనుమానపడదామంటే నా పక్కనే ఓళిగ తింటున్నాడు.

మర్నాడు బానెట్‌ను దుప్పట్లో చుట్టి, స్కూలు జీపులో వేసుకుని ఖాసిమన్న ఇంటికి పోయాను. ఏం చెప్పాలో దారిపొడుగునా అనుకుంటూనే ఉన్నాను. వాకిట్లో వదిన ఎదురొచ్చింది. నేను నోరు తెరవకముందే తనే చెప్పింది.

"నిన్న మద్యాన్నం పండుకొని లేసినాడు. లేసినప్పట్నుంచీ కుడిచెయ్యి ఒకటే నొప్పంట. సూది గుచ్చినా తెలీని చెయ్యి. రాత్రంతా నూనె రుద్దుతాండా. దినమంతా పనిచేసొచ్చినప్పుడు రుద్దేదాన్ని సూడు, అట్ల."

నా ఒళ్లు జలదరించింది. షెడ్డులో కాదు, అక్కడ, నంద్యాలలో, పట్టపగలు, ఆ వాకిట్లో.

జీపు డ్రైవరూ నేనూ బానెట్ తెచ్చి మంచం మీద పెట్టాం. ఖాసిమన్న కళ్లు మూసుకుని ఎడమ అరచేత్తో రేకునంతా తడుముకుంటూ పోయాడు. ఆ పల్లం దగ్గర చెయ్యి ఆగింది. కళ్లు తెరిచి నావైపు చూశాడు.

"ఇది నా చెయ్యే. నేనెప్పుడు చేసినానమ్మా దీన్ని?"

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. దాచడం, అలంకరించడం నాకు చేతకాలేదు. ఆయన విని ఆశ్చర్యపోలేదు, భయపడలేదు. కాసేపటికి ఆయన కళ్లనుంచి నీళ్లు కారాయి, తుడుచుకోలేదు. నేనూ ఏడ్చాను. తర్వాత నా అరచెయ్యి తీసుకుని ఆ పల్లంలో పెట్టాడు.

"తెలుస్తాండాదా?"

తెలుస్తోందన్నాను.

"నువ్వు లేకుండా ఇది యెట్ల చేస్తా? అందుకే ఇంత సోటు ఇడిసిపెట్టినట్టుండా" అన్నాడు. సుత్తి కోసమన్నట్టు కుడిచేతి వైపు చూసుకున్నాడు. అది ఒళ్లోనే ఉండిపోయింది.

ఆ నొప్పి ఒకట్రెండు రోజుల్లో పోయింది. దాంతోపాటు స్పర్శ కూడా పోయింది. డాక్టరు చెప్పినట్టే ఆ చెయ్యి తిరిగి రాలేదు. ఆ మాట ఎవరూ ఆయనకు చెప్పాల్సిన పని పడలేదు. ఆ రోజునుంచి ఆయన పొద్దున్నే చొక్కా తొడగమని అడగడం మానేశాడని వదిన చెప్పింది. దిగులుగా లేడు, పని ముగించుకుని ఇంటికొచ్చిన మనిషిలా ఉన్నాడట.

ఇది ఎలా జరిగిందో నాకు తెలియదు. తెలిసినవాళ్లను అడిగాను, తెలిసినట్టు మాట్లాడేవాళ్లనూ అడిగాను. ఏ ఒక్కరు చెప్పిందీ నాకు సరిపోలేదు. ఉన్నది ఒక మంచి బానెట్, దాన్ని సరిచేసినవాళ్లు లేరు. ఇంతకుమించి నేను చెప్పలేను.

కారు ఇప్పుడు బ్రహ్మాండంగా ఉంది. నిన్ననే ఆళ్లగడ్డ పోయొచ్చాను. పెయింటు వేసేముందు ఆ చివరి చోటు కూడా సరిచెయ్యనా అని ఓబులేసు అడిగాడు, వద్దన్నాను. దాని మీదే ఎర్ర పెయింటు వేయించాను. ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఆ పల్లం డ్రైవరు సీట్లోంచి కనిపిస్తుంది. చూసినవాళ్లు పెయింటరు పని ఎగ్గొట్టాడనుకుంటారు.

ఖాసిమన్న అప్పుడప్పుడు ఫోను చేస్తాడు. పిల్లలు బాగున్నారా, బండి బాగుందా అని అడిగాక, చివర్లో ఆ సోటు ఎవురన్నా ముట్టుకున్నారా అని అడుగుతాడు.

లేదన్నా, నీ పని నీకే ఉంచినా అంటాను.