తోక కోత

దెయ్యాలని నమ్మే సౌకర్యం రబ్బరు తోటలో పుట్టినవాడికి ఉండదు. తెల్లవారకముందే నుదుటికి దీపం కట్టుకుని చెట్ల మధ్యకి వెళ్ళాలి. దెయ్యం ఉందనుకుంటే ఆ పూట పని ఆగిపోతుంది. అందుకని లేదనుకునే పెరిగాను. ఒకవేళ ఉన్నా, నాలాంటి వాడిని పట్టుకుని అది బాగుపడేదేముందని ఇప్పటికీ నవ్వుతుంటాను. ఇది మాత్రం నవ్వలేకపోయిన విషయం.

మాది సుంగై సిపుట్, మా తాతలు ఓడెక్కి రబ్బరు కోతకి వచ్చిన పరదేశపు ఊరు. ఆరో తరగతిలో నేను బడిని వదిలానో, బడే నన్ను వదిలిందో గుర్తులేదు. మా అక్క మొగుడు, అంటే మా బావ, నాకు రెండు నేర్పాడు: రబ్బరు కోత, తెలుగు అక్షరాలు. తరవాత నేను మోటారుసైకిళ్ళు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాను. బావ చివరిదాకా కత్తి వదల్లేదు.

కోత అంటే చెట్టు బెరడు మీద ఎడమ నుంచి కుడికి, ఏటవాలుగా సన్నగా చెక్కడం. పాలు ఆ గాడిలో జారి కప్పులో పడతాయి. దస్తూరీలాగే ఒక్కో చేతిది ఒక్కో కోత. బావ బొటనవేలు ఒకసారి తెగి, తరవాత సరిగ్గా వంగేది కాదు. అందుకని ఆయన కోత చివర చిన్న కొక్కెంలా పైకి తిరిగేది. దానికి ‘తోక కోత’ అని పేరు పెట్టింది నేనే. తోటంతా అలాగే పిలిచింది.

ఆ బావకి గ్రీసు పిచ్చి పట్టింది. సముద్రం ఒడ్డున తెల్ల ఇళ్ళు కాదు, కొండల మీది పాత రాతి ఊళ్ళు. సాయంత్రమంతా ఫోన్లో అవే వీడియోలు. దిమిత్సాన, స్తెమ్నిత్స అని ఊళ్ళ పేర్లు క్యాలెండరు వెనక తెలుగులో రాసుకున్నాడు.

“నీటి మరలతోటి తుపాకిమందు నూరినారంటరా ఆ ఊర్లో! ఎల్దారి, నువ్వూ రా. నాకు ఇంగ్లీసు రాదు కదా” అనేవాడు.

పాస్‌పోర్టు తీయించాడు. మిగతా కాగితాల పని నాకు అప్పజెప్పాడు. నేను ఇవాళా రేపూ అని జరుపుతూ వచ్చాను. ఒకరోజు టీ కొట్టు దగ్గర, నలుగురి ముందు అడిగాడు.

“నా పని ఏటైందిరా?”

“అడిగినాను బావా. రబ్బరు కోసినోళ్ళని రానివ్వరంట. ఆళ్ళ సెట్లు కూడా కోసేస్తావని బయమంట!”

అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. నవ్వి, తన చేతులకేసి చూసుకున్నాడు. అది నేను చూశాను. రేపు నిజం చెబుదాంలే అనుకున్నాను. నిజానికి మా పాస్‌పోర్టుకి అక్కడ వీసా అక్కర్లేదు; టికెట్లు కొనడం తప్ప, నేను ఎవరినీ అడగాల్సిన పనే లేదు. మర్నాడు కొట్లో పని ఎక్కువైంది. బావ మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. మరిచిపోయాడనుకున్నాను.

మరుసటి ఏడు గుండె ఆగి పోయాడు. పాస్‌పోర్టులో ఒక్క ముద్ర కూడా లేదు.

“ఆయన సూడనివి నాను సూస్తాను. తీసుకెల్తావా, ఒక్కదాన్నే ఎల్లమంటావా?” అంది అక్క. తీసుకెళ్ళాను. బావ పాస్‌పోర్టు ఆమె సంచిలోనే ఉంది.

ఆ ఊళ్ళు చూడాల్సినవే. కొండ అంచున రాతి ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టుంటాయి. కింద లోతైన లోయ. దిమిత్సానలో నీటి మరల ముందు అక్క బావ పాస్‌పోర్టు బయటికి తీసి పట్టుకుంది.

మూడో రోజు పొద్దున్న ఒక చిన్న ఊళ్ళో ఆగాం. ఊరి చివర పైన్ చెట్లు. వాటి మొదళ్ళ మీద పాత గాట్లు ఉన్నాయి. జానెడు వెడల్పున, నిలువుగా బెరడు లేచిపోయి నల్లబడ్డాయి. ఒకప్పుడు వాటినుంచి బంక తీసేవాళ్ళని మా ఇద్దరికీ అర్థమైంది. అక్క కూడా ఇరవయ్యేళ్ళు కత్తి పట్టిన మనిషి. ముందు నడుస్తున్నదల్లా ఒక చెట్టు దగ్గర ఆగిపోయింది.

దాని మీద ఏటవాలు కోత ఉంది. ఎడమ నుంచి కుడికి. సన్నగా, లోపలి చెక్కకి గాయం కాకుండా. చివర చిన్న కొక్కెం, పైకి తిరిగి. గాడిలో బంక ఇంకా తడిగా ఉంది. కింద గడ్డిలో బెరడు పీలిక పచ్చిగా పడి ఉంది.

“మీ బావ సెయ్యిరా ఇది” అంది అక్క.

కాఫీ కొట్టు ముసలాయన్ని పిలుచుకొచ్చాను. ఓడల్లో పనిచేసినవాడు, కాస్త ఇంగ్లీషు వచ్చు. బంక తీయడం తన తండ్రితోనే ఆగిపోయిందన్నాడు. ఏటవాలుగా ఆ ఊళ్ళో ఎన్నడూ ఎవరూ కోయలేదన్నాడు. వారం రోజులుగా పరాయివాళ్ళు కూడా రాలేదట. వేలితో బంక ముట్టుకుని, మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

బస్సు దగ్గరికి నడుస్తూ అక్క అంది: “కోతోళ్ళని ఈ దేశంలోకి రానివ్వరని సెప్పినాడే మీ బావ నాతోటి! ‘నా సేతులకి అనుమతి లేదే’ అని సివరిదాకా బాధపడినాడు. ఆయనకి ఆ మాట సెప్పినోడి నోరు పడిపోను!”

పడిపోయింది. సాయంత్రం దాకా నాకు మాట రాలేదు.

ఇంటికొచ్చాక ముందు బావ కత్తి చూశాను. వంటగది గోడకి తగిలించిన చోటే ఉంది, తుప్పు పట్టి, పొడిగా. బంక వాసన కూడా లేదు. ఉన్నదున్నట్టు చెప్పాలి కాబట్టి అదీ చెబుతున్నాను. మాలాగే రబ్బరు దేశం నుంచి వచ్చినవాడెవడో సరదాకి కోశాడనుకుందామని చాలా ప్రయత్నించాను. మరి ఆ తోక ఎలా వచ్చింది?

బావ వెళ్ళగలిగాడని అక్క సంతోషంగా ఉంది. ఆపిందెవరో ఆమెకి ఇంకా చెప్పలేదు. అక్కకి చదవడం రాదు. అందుకే ఇదంతా రాయగలిగాను.