నాపరాయి మీద స్పీకరు

ఇది ఎవరికీ చెప్పలేదు. నరసరావుపేట హాస్టల్లో నా మంచం పక్కనున్న నాపరాయి ముక్క పూజ కోసం కాదు. అందరూ అలా అనుకుంటే ఊరుకున్నాను. ఇయర్‌బడ్స్ అయినా, స్పీకరైనా దాని మీదే ఛార్జింగ్ పెడతాను. ఈ ఉదయం పక్క మంచం అమ్మాయి దిండు కింద నుంచి వేడెక్కిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. చదువుతున్న పుస్తకం పడేసి, "వైరు తీసెయ్" అని అరిచాను. ఆ అమ్మాయి నా గొంతు అంత గట్టిగా వినడం అదే మొదలు. నాకు మాత్రం మాచర్లలో మా పక్కింటి సామ్రాజ్యం పెద్దమ్మ గుర్తొచ్చింది.

పెద్దమ్మ జాకెట్లు కుట్టేది. చూపు మందగించాక కథల పుస్తకాలు చదివి పెట్టమని నన్నడిగింది. ఎదుట కూర్చుంటే నాకు గొంతు పెగలదు. ఇంట్లో చదివి ఫోన్లో రికార్డు చేసి, మెమరీ కార్డులో వేసి ఇచ్చేదాన్ని. ఆమె అరచేతిలో పట్టేంత స్పీకరును దిండు కింద దోపుకుని, ఛార్జింగ్ వైరు ఉండగానే వినేది. "ఏమే, దొంగలకేమన్నా కథ చెబుతున్నావా, ఆ గుసగుసలేంది? ఇనపడలా. గట్టిగా చదువు" అనేది.

వాళ్ళబ్బాయి సాంబయ్య ఫాస్ట్ ఛార్జరు కొన్న రోజు నుంచి ఆమె కళ్ళన్నీ దాని మీదే. పసిపిల్లకు జ్వరం చూసినట్టు చెయ్యి తిరగేసి తాకి చూసేది. "గబగబా కుక్కితే ఎవడికరుగుద్దిరా?" అనేది. "అది కుక్కదమ్మా, స్పీకరుకి కావలసినంతే అది తీసుకుద్ది" అని అతను నవ్వేవాడు. నేనూ లోలోపల పెద్దమ్మ పక్షమే. కొత్త వస్తువు కాబట్టి, స్పీకరు వేడెక్కితే దొంగ అదే అనుకున్నాం.

ఒక మధ్యాహ్నం కథ సగంలో ఆగిపోయింది. స్పీకరు ముట్టుకుంటే కాలిపోతోంది. "చెప్పలా? ఆ ఛార్జరే" అంటూ ఆమె స్పీకరును గచ్చు మీద పెట్టింది. మా ఇళ్ళలో గచ్చంటే నాపరాళ్ళే, పలకలా నున్నగా ఉంటాయి. ఎప్పుడూ కదలకుండా కూర్చునే స్పీకరు ఆ రోజు ఉయ్యాలలా ఊగింది. సాంబయ్య తన పాత ఛార్జరు తెచ్చి, స్పీకరుకు తగిలించి మళ్ళీ దిండు పక్కన పెట్టబోయాడు. "కింద ఉబ్బింది" అన్నాను. ఎవరికీ వినపడలేదు. పెద్దమ్మ ఆ దిండు మీదే కునుకు తీస్తుంది. ఆ సంగతి తట్టాక నా నోటి నుంచి ఎలా వచ్చిందో తెలియదు. "పెట్టొద్దు, పేలుద్ది" అని అరిచాను.

మొబైల్ షాపతను చూసి, ఛార్జరు మంచిదేనన్నాడు. బ్యాటరీ పాతబడి ఉబ్బింది, దిండు కింద వేడి పోయే దారి లేదు, ఇక దానికి కరెంటు చూపించొద్దన్నాడు. పెద్దమ్మ ఆ ఉబ్బును వేలితో తడిమింది. "నా కథల డబ్బానా? తెల్లార్లూ చెవి కింద పెట్టుకున్నదాన్ని అనుమానించలా చూడు" అంది. కొత్త స్పీకరు వచ్చాక ఆమె పద్ధతి మారింది. ఛార్జింగ్ రాతి మీదే, మెలకువగా ఉన్నప్పుడే. వైరు తీశాకే కథ. పెట్టే ముందు గచ్చు మీద ఊగుతుందేమో చూడాలి. చూశానని నేనంటే, "చూశావా, చూశానంటున్నావా?" అని మళ్ళీ తనే తడిమేది.

నేను ఉద్యోగానికని నరసరావుపేట బయల్దేరిన రోజు, పెద్దమ్మ పగిలిన నాపరాయి ముక్కను నా సంచిలో పెట్టింది. తర్వాత సెలవులకు నేను వెళ్ళేసరికి ఆమె ఇక లేదు. బయల్దేరిన ఆ రోజు బస్సు కిటికీలోంచి, "పోయొస్తా పెద్దమ్మా" అన్నాను. ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"ఇనపడలా. గట్టిగా చెప్పు."